ఏదో ఈడ్చుకొస్తున్నాం

ఆ కాలానికి బడ్డీకొట్టు కూడా వాటాలు అమ్ముకుంటోంది. తెనాలిలో భ్రమరాంబ పెసరట్ల హోటలుకైతే వీధి వీధంతా వాటాదార్లే. యజమానుల మాటలు నమోదు కావాలని సర్కారు వాళ్ల ఇళ్లల్లో ఒక్కో యంత్రపు చెవి బిగించింది.

ఓ సాయంత్రం పక్కింటి కనకరత్నం పిట్టగోడ మీదుగా అడిగింది.

"హోటలు ఎట్లా నడుస్తోందొదినా?"

ఆ పొద్దున పిండి అయిపోయి జనాన్ని వెనక్కి పంపిన భ్రమరాంబ నిట్టూర్చింది.

"ఏముందొదినా, ఏదో ఈడ్చుకొస్తున్నాం."

కనకరత్నం హడలిపోయి తన వాటాలన్నీ అమ్మేసింది. మర్నాడే వాటి ధర రెట్టింపయింది. తప్పుడు మాట చెప్పి ముంచిందని ఆవిడ దావా వేసింది. చెవి సాక్ష్యం చెప్పింది.

"వ్యాపారం బాగుండగా లేదని ఎందుకన్నావమ్మా?" అన్నారు జడ్జిగారు.

"బాగుందంటే దిష్టి తగలదాండీ?"

జడ్జిగారు నష్టపరిహారం కట్టమన్నారు. ఇకమీదట ఉన్నది ఉన్నట్టే చెప్పాలన్నారు.

ఆ పరిహారంతో కనకరత్నం మళ్లీ అవే వాటాలు కొని, మళ్లీ పిట్టగోడ దగ్గరికొచ్చింది.

"ఎట్లా ఉందొదినా?"

భ్రమరాంబ ఆ యంత్రపు చెవి వంక చూసి, పళ్లు బిగబట్టి, "బ్రహ్మాండంగా ఉందొదినా," అంది.

అన్నదేగానీ మనసు ఆగలేదు. పరుగున వెళ్లి హోటలు గుమ్మానికి బూడిదగుమ్మడికాయ వేలాడదీసింది.

కాయ ఊగడం ఆగకముందే కనకరత్నం నోటీసు వచ్చింది. వ్యాపారానికి దిష్టి ముప్పు ఉందని తెలిసి కూడా యజమానురాలు వాటాదార్ల దగ్గర దాచిందట.