సి బ్లాకు ముందర ముగ్గు

“కొంప ముంచినవు గదనే అవ్వా!”

మెట్లు దిగుతూనే ప్రవీణ్ నెత్తి పట్టుకున్నాడు. నిన్నటిదాకా మెట్ల ముందు గోడవారగా నల్లగా నిలిచిన మోరీ బురద ఇవాళ కనిపించడం లేదు. దాని మీద ఎర్రటి మొరం మట్టి పరిచి ఉంది. నడిబాటలో, గుమ్మానికి ఎదురుగా, ఇంత పెద్ద చుక్కల ముగ్గు. పక్కనే దేవవ్వ, చేతికంటిన ముగ్గుపిండి కొంగుకు తుడుచుకుంటూ.

ఎల్లారెడ్డి శివారులోని ఆ డబుల్ బెడ్రూం ఇండ్లలో సి బ్లాకు సంఘానికి దేవవ్వ అధ్యక్షురాలు, ఆటో నడిపే ప్రవీణ్ కార్యదర్శి. వార్డు కౌన్సిలర్ సుందర్ చేతిలో ఒక్క పనికి సరిపోయే నిధులు మిగిలాయి. పక్కనున్న ఎ బ్లాకు గోడలకు రంగులా, సి బ్లాకుకు మురుగు పోయే మోరీనా అన్నది ఆయన ఇష్టం. చూసి చెప్తానన్నాడు. ఈసారి కూడా తప్పిపోతే, వానాకాలంలో ఆ మురుగు దేవవ్వ గడప దాటి మంచం కిందికే వస్తుంది.

“సారు ఇప్పుడే వస్తడు. మోరీ కావాలని దరఖాస్తు పెట్టినోళ్లం, గిట్ల పెండ్లింటి లెక్క సింగారిస్తరా?”

“ఇంటికొచ్చేటోనికి గలీజు సూపిస్తర్రా? మా అవ్వ నాకు గది నేర్పలే.”

“నీ మర్యాద పాడుగాను! ఎ బ్లాకోళ్లను సూడు, సారొస్తున్నడని ఉన్న చెత్తకుండీ బోర్లేసి పెట్టిన్రు!”

“ఆళ్ల బుద్ధి ఆళ్లది.”

ప్రవీణ్ మొరం ఎత్తిపోద్దామని పార అందుకున్నాడు. దేవవ్వ పార మీద కాలేసి నిలబడింది. అంతలో కారు వచ్చి ఆగింది.

తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లతో సుందర్ దిగాడు. అటూ ఇటూ చూసి ముఖం విప్పార్చాడు.

“వహ్వా! ఏందవ్వా, మీ దగ్గర అంత మంచిగనే ఉన్నది గదా! ఎ బ్లాకుల చెత్త సూస్తే కడుపుల దేవినట్టయింది. ఈ పైసలు ఆళ్లకే రాసేద్దాం.”

“సార్, గీ మొరం కింద...” ప్రవీణ్ అడ్డం వచ్చాడు.

“తమ్మీ, పదకొండింటికి కామారెడ్డిల మీటింగున్నది.” సుందర్ వెనక్కి తిరిగాడు.

“గడప దాంక వచ్చి చాయ తాగకుంట పోతవా సారూ?” దేవవ్వ పిలిచింది. “ఓటడుగనొచ్చిననాడు రెండు కప్పులు తాగితివి.”

సుందర్ నవ్వక తప్పలేదు. లోపలికి వస్తూ ముగ్గు దగ్గర ఆగాడు. ప్యాంటు కొద్దిగా పైకి లాక్కుని, ముగ్గును తప్పించి, గోడవారగా ఒక అడుగు వేశాడు. రెండో అడుగు మొరంలోకి దిగింది. మొరంలోంచి బురదలోకి, పిక్క దాకా. గుప్పున వాసన.

“ఏందిదీ!”

“మోరీ సారూ,” అంది దేవవ్వ నెమ్మదిగా. “దరఖాస్తుల రాసింది గిదే.”

ప్రవీణ్ రెక్క పట్టి లాగితే కాలు వచ్చింది గాని బూటు రాలేదు. సుందర్ కారు డోరు తీసి, ఒంటి బూటుతో కూర్చుని, ముక్కు మూసుకుని సి బ్లాకు దరఖాస్తు మీద సంతకం చేశాడు. చాయ తాగకుండానే పోయాడు.

కాగితం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాక ప్రవీణ్‌కు అనుమానం వచ్చింది.

“అవ్వా, ఇంత జాగ ఉండంగ సారు గా గోడ పొంటే పోతడని నీకెట్ల ఎర్కనే?”

దేవవ్వ చీపురు తీసుకుని, గట్టి నేల మీది ముగ్గును చెరిపేస్తూ అంది:

“ఎంత పెద్దోడైన ముగ్గు తొక్కుకుంట నడుస్తడా బిడ్డా?”