మహాచాయ్‌లో గోంగూర

చారులో చక్కెర. వేపుడులో చక్కెర. ఆఖరికి చేపల పులుసులోనూ చక్కెరే.

యూపా గిన్నె పక్కకు నెట్టేసింది.

"ఏమే, మళ్లీ మొదలుపెట్టావా?" అంది నిలా. ఇద్దరూ రొయ్యల షెడ్డులో ఒకే బల్ల దగ్గర తొక్కలు ఒలుస్తారు. ఒకే గదిలో ఉంటారు. "బర్మా వదిలి మూడేళ్లయింది. ఇంకా నీ నాలుక సరిహద్దు దాటలేదా?"

"దాటింది. నచ్చక వెనక్కి పోయింది."

"అయితే దాని వెంట నువ్వూ పో!"

అనేశాక నిలా నాలుక కరుచుకుంది. పోవడానికి యూపాకి ఊరు లేదు. గొడవల్లో సైన్యం ఊరు ఊరంతా తగలబెట్టేసింది. "మీరు పదండి, గేదెల కట్లు విప్పేసి వెనకే వస్తా" అన్న మొగుడు మళ్లీ కనబడలేదు. పోయాడని చెప్పినవాళ్లు లేరు, చూశామని చెప్పినవాళ్లూ లేరు. పిల్లతో కొండలు దాటి థాయిలాండ్ చేరింది. పని దొరికింది. గది దొరికింది. అన్నం ముద్ద మాత్రం గొంతు దిగడం లేదు.

ఆ ఆదివారం నిలా ఆమెను చెయ్యి పట్టి లాక్కుపోయింది. మహాచాయ్ కాలువ ఒడ్డున రేకుల కింద రెండు బల్లలు, ఒక పొయ్యి.

"బర్మాలోని దవే వంటలట. మీ వైపువాడేనేమో. తిని నోరు మూసుకో."

గోంగూర వచ్చింది. వెదురు కొమ్ములు, ఎండు రొయ్యలు, పచ్చిమిర్చి. మొదటి ముద్దకే యూపా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారమెక్కువైందా?" అన్నాడు వంటాయన.

"లేదండీ. అచ్చం నా చేతి వంటలా ఉంది."

"తనని తాను పొగుడుకోవాలంటే మా యూపా తర్వాతే ఎవరైనా" అంది నిలా.

వంటాయన పేరు జేయ. నలభై దాటినవాడు. ఒంటివాడు. మాట తక్కువ. యూపా మొదట ఆదివారాలు వెళ్లేది, తర్వాత పని దిగిన ప్రతి సాయంత్రం వెళ్లసాగింది. కూతురు ప్యూప్యూకి అతను కారం తగ్గించి విడిగా వండేవాడు. పిల్ల బుగ్గలు నిండాయి. మామయ్యా అని పిలవడం మొదలుపెట్టింది.

ఒకరోజు మాటల్లో ఊరి పేరు అడిగాడు. యూపా చెప్పింది.

మూకుడులో గరిటె ఆగింది.

"నది మలుపులో ఉండేది... అదేనా?"

యూపా దిగ్గున లేచింది. "మీకు తెలుసా? ఎప్పుడొచ్చారు? మా ఆయన్ని చూశారా? పొడుగ్గా ఉంటాడు. ఎడమ చెవి కాస్త చీలి ఉంటుంది."

"లారీ నడిపే రోజుల్లో ఒక్కసారి వచ్చానమ్మా. ఎవరూ తెలీదు."

అంటూ తల తిప్పేసుకున్నాడు. మూకుడులోది మాడిపోయింది. పారబోసి మళ్లీ వండాడు.

ఆ రోజు నుంచి ఆమె దగ్గర పైసా పుచ్చుకోలేదు. ఎంత బతిమాలినా వినలేదు. "ఒక్కసారి మా ఊరొచ్చినందుకే ఇంత అభిమానం!" అని యూపా మురిసిపోయింది.

నిలా ఊరుకునే రకం కాదు. "ఇదిగో, ఎన్నాళ్లని ఎదురుచూస్తావు? రాని మనిషి రాడు. పిల్లకి అండ కావాలి. నీ నాలుకకి అన్నం కావాలి. రెండూ ఆ రేకుల కిందే ఉన్నాయి."

"సిగ్గులేదే నీకు?"

"నాకెందుకూ సిగ్గు? ఆయన్ని అడిగేశాగా!"

"ఏమన్నాడు?" అని అడిగేసి, యూపా ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఆవిడకి నేను తగను, అన్నాడు. తలెత్తలేదు. కళ్లు తుడుచుకున్నాడు. అలాంటివాడు మళ్లీ దొరుకుతాడా?"

వారమంతా యూపా నిద్రపోలేదు. మొగుడి ముఖం తలుచుకుని ఏడ్చింది. ఆ ఏడుపులోనే సరే అనుకుంది. ఆదివారం పొద్దున్నే తలంటుకుంది. బుగ్గలకి థనాకా చెక్క చందనంలా అరగదీసి పూసుకుంది. చాన్నాళ్ల తర్వాత కొప్పులో పువ్వు పెట్టుకుంది. నిలా ఎగతాళి చేయకుండా పక్కకు తప్పుకుని దారిచ్చింది.

జేయ ఆమె కోసమే కూర్చున్నట్టు ఉన్నాడు. మూత పెట్టిన గిన్నె తెచ్చి ముందు పెట్టాడు.

"ఇవాళ్టిది రోజూ వండేది కాదు. మీ ఊళ్లో తిన్నది ఇదీ. ఆ రుచి నన్ను వదల్లేదు. ఎన్నిసార్లు వండినా అది రాలేదు. మీరైతే చెప్పగలరు."

మూత తీసింది. గోంగూరలో వెదురు కొమ్ములు లేవు. కాల్చి, చిదిమి వేసిన పనసపిక్కలున్నాయి.

ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆగిపోయింది.

"ఇది... ఎవరు పెట్టారు మీకు?"

"ఎవరో మహాతల్లి. ఆకలి మీదున్నాను. కడుపు నిండా తిన్నాను. పేరడగలేదు."

"ఎలా ఉంటుంది ఆవిడ?"

"ముఖం గుర్తులేదు." ఒక్క క్షణం ఆగి, ఆశగా ముందుకు వంగాడు. "సరిగ్గా కుదిరిందా?"

యూపా గిన్నె పక్కకు నెట్టేసింది.

ఆ ఊళ్లో గోంగూరలో పనసపిక్కలు వేసింది యూపా ఒక్కతే, అదీ వెదురు కొమ్ములు దొరక్క జన్మలో ఒకే ఒక్కసారి, సైన్యం ఊళ్లోకి దిగుతోందని విని, ఉడుకుతున్న గిన్నెను పొయ్యి మీదే వదిలేసి, పిల్లను చంకనేసుకుని అడవిలోకి పరుగెత్తిన ఆ పొద్దున.