ఒట్టి సాంచ

"సాంచ బంద్ చెయ్యి పెద్దమ్మా, ఒక్క నిమిషం చాలు," అంది ఊర్మిల.

"చెయ్య," అంది గౌరవ్వ. గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె వెనక రేకుల షెడ్డులో మరమగ్గం దడదడలాడుతోంది.

ఊర్మిలది కోరుట్ల. హైదరాబాదులో వైర్‌లెస్ మీద పరిశోధన చేస్తోంది. సాంచాల మోటార్లు నడిచేటప్పుడు గాల్లో పోయే సిగ్నళ్లకు ఎంత అడ్డు తగులుతుందో కొలవడం ఆమె పని. ఆర్డర్లు లేక సిరిసిల్లలో ఈ వాడ సాంచాలన్నీ మూతబడ్డాయని విని, అవి ఆగినప్పటి లెక్క ముందు తీసుకుందామని వచ్చింది. కానీ సాయంత్రం కాగానే ఆమె చేతిలోని కొలత మిషన్ తెర మీద గీత ఉన్నట్టుండి గుట్టలా లేస్తోంది. కాసేపటికి పడిపోతోంది. మిషన్ చెడిందేమో అనుకుంది. తనకే లెక్క తెలియడం లేదేమో అని కూడా అనుకుంది. చివరికి ఏంటెనా ఏ సందులోకి తిప్పితే గుట్ట పెరుగుతోందో ఆ సందు పట్టుకుని నడిచి, ఈ ఇంటి ముందు తేలింది.

గౌరవ్వ భుజం మీదుగా లోపలికి చూసి ఇంకా అయోమయంలో పడింది. సాంచ మీద పడుగు లేదు, నూలు లేదు, గుడ్డ లేదు. పోగును మోసే నాడె ఒక్కటే ఖాళీగా అటూ ఇటూ కొట్టుకుంటోంది.

"ఏం నేస్తున్నవు పెద్దమ్మా?"

"సప్పుడు నేస్తున్న," అంది గౌరవ్వ.

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. కొడుకు మహేందర్ భీవండిలో సాంచాల పనికి పోయాడు. ఈ వేళకు ఫోన్ చేస్తాడు. ఇక్కడ పని ఆగిపోయిందనీ, తండ్రి హన్మండ్లు ఎల్లంతకుంట పొలాల్లోకి కూలికి పోతున్నాడనీ అతనికి తెలియదు. తెలిస్తే అక్కడి పని వదిలి వచ్చేస్తాడు.

వస్తే మంచిదే కదా అంది ఊర్మిల.

గౌరవ్వ పక్కింటి వైపు చూసింది. "దేవమ్మ కొడుకు గట్లనే వచ్చిండు బిడ్డా. పని లేదు, పాట లేదు. షెడ్డు తలుపు పలగ్గొట్టి దించిన్రు వాన్ని."

ఊర్మిల ఏంటెనా దించేసింది. అప్పుడే ఫోన్ మోగింది.

గౌరవ్వ స్పీకర్ పెట్టి, ఫోన్‌ను షెడ్డు కిటికీలో ఆనించింది. కొడుకు తిన్నవా అని అడిగాడు, మోకాళ్ల నొప్పి ఎట్లుందని అడిగాడు. బాపు ఏడని అడిగాడు.

"సాంచ కాడున్నడు. ఇనవడతలేదా?"

"ఇనవడతుందవ్వా. నాక్కూడ చేతులు ఖాళీ లేవు. స్పీకర్ పెట్టే మాట్లాడుతున్న."

గౌరవ్వ ముఖం విప్పారింది. దగ్గరికి రమ్మని ఊర్మిలకు సైగ చేసింది. "వాని సాంచ సప్పుడు ఇను," అంది చెవిలో. "దినాం ఇంటున్న. మన సాంచ లెక్కనే నడుస్తది. బాపు పనితనమే వచ్చింది వానికి."

ఊర్మిల విన్నది. మహేందర్ మాటల వెనక సన్నగా మగ్గం చప్పుడు. గౌరవ్వ సాంచ పాతది, నడుస్తూ నడుస్తూ మధ్యలో ఒక దెబ్బ కుంటుతుంది. భీవండి సాంచ కూడా కుంటింది. ఇది కుంటిన ప్రతిసారీ, రవ్వంత ఆలస్యంగా, అదీ కుంటింది.

అన్ని మైళ్ల దూరంలో రెండు సాంచాలకు ఒకే కుంటు ఎట్లా వస్తుంది? ఊర్మిల తెర వైపు చూసింది. అక్కడ అదే గుట్ట, ఏమీ చెప్పలేదు. కిటికీ వైపు చూసింది, సాంచ వైపు చూసింది. ఒక్కసారి చూద్దామనిపించింది. గౌరవ్వ వారించేలోగా చెయ్యి చాపి కిటికీ పక్కనున్న సాంచ స్విచ్ ఆపేసింది.

షెడ్డులో సాంచ ఆగింది.

ఫోన్‌లో సాంచ కూడా ఆగింది.

గౌరవ్వ ఫోన్ చేతిలోకి తీసుకుంది. కట్ అయిందేమోనని చూసింది. కాలేదు. ఎన్నడూ వినని చప్పుళ్లు అందులోంచి వస్తున్నాయి. కారు హారన్. ఎవరిదో విసుగు. "ఏ వాచ్‌మన్, గేట్ ఖోల్." ఇనుప గేటు ఈడ్చిన చప్పుడు. ఆ తర్వాత, చాలా మెల్లగా, మహేందర్ గొంతు. "జీ సాబ్."

గౌరవ్వ ఆగిన సాంచను చూసింది. ఫోన్‌ను చూసింది. మళ్లీ సాంచను చూసింది. ఇక్కడి చప్పుడే అక్కడిదాకా పోయి తిరిగి వస్తోందని ఊర్మిల ఆమెకు చెప్పబోయి ఆగిపోయింది. చెప్పాల్సిన పని లేకపోయింది.

"అవ్వా," అన్నాడు మహేందర్. "సాంచ ఆగిందేంది? బాపు మంచిగున్నడా?"

"మంచిగున్నడు కొడుకా. కరెంటు పోయింది." గౌరవ్వ ఊపిరి తీసుకుంది. "నీ సాంచ గూడ ఆగినట్టుంది?"

అటు గేటు మూసిన చప్పుడైంది.

"ఇక్కడ గూడ కరెంటు పోయిందవ్వా."

గౌరవ్వ కళ్లు మూసుకుంది. ఊర్మిల వైపు తిరగకుండానే, వేలితో స్విచ్ చూపించింది.

ఊర్మిల స్విచ్ వేసింది. సాంచ కదిలింది. రవ్వంత ఆలస్యంగా, భీవండిలో కూడా కరెంటు వచ్చింది.