కోటు పక్క చోటు

"పక్కనుండండి" అని వినబడగానే అతను హుషారుగా వెళ్ళి కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"పక్కన కాదు బాబూ, పక్కకుండండి అన్నాను," అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఒక్క అక్షరం తేడాతో అతను లైట్ల గొడుగుల స్టాండు పక్కన తేలాడు. ఈ ఫొటోలో ఆమె పక్కన ఉండాలని ముచ్చటపడి కొత్త చొక్కా కొనుక్కున్నాడు పాపం. ఆమె ఇంకా లోపలిగదిలో అద్దం ముందే ఉంది. ఆమె బ్యాగూ, నీళ్ళసీసా అతని చేతుల్లో ఉన్నాయి.

కుర్చీ వెనక చోటు వాళ్ళతో వచ్చిన కోటువాడికి దక్కింది. ఆమెలాగే తెలుపు, ఆమెలాగే కోటేరు ముక్కు. పొద్దున్నే ఆ కోటు ఇస్త్రీ చేసింది మాత్రం అతనే.

"ఇలా జోడీ కుదిరితే నాకు హాయి," అని మురిసిపోయాడు ఫొటోగ్రాఫరు. ఒకే రంగైతే ఒకే లైటు చాలట. మొన్నెవరో వేరే జాతివాణ్ణి చేసుకున్నావిడ వచ్చిందట. ఆమెకి లైటు పెడితే మొగుడు మాయం, మొగుడికి పెడితే ఆమె సున్నం. "లైటు సంగతి సరే, చూసే కళ్ళకి ఆనాలిగా?"

అతను తన నల్లటి చేతులకేసి చూసుకున్నాడు. కోటువాడు అతనికేసి చూసి కన్నుకొట్టాడు. అతను నోరు తెరిచాడు. అంతలో లోపలిగది తలుపూ తెరుచుకుంది.

లైట్లకి మెరుస్తాయని ఆమె కళ్ళద్దాలు తీసి, అటు చూడకుండానే అతని చేతిలో పెట్టింది. అవి లేకపోతే ఆమెకి మనిషీ స్తంభమూ ఒకటే. తడుముకుంటూ వెళ్ళి కూర్చుంది.

"సార్, మేడమ్ భుజమ్మీద చెయ్యి వెయ్యండి."

కోటువాడు వేశాడు. ఆమె నవ్వుతూ ఆ చేతిమీద తన చెయ్యి ఆనించింది.

అతని గుప్పిట్లో కళ్ళద్దాలు కిర్రుమన్నాయి. పన్నెండేళ్ళుగా ఆ బ్యాగు మోస్తున్నాడు. ఆమెకి ఏ చెప్పు కరుస్తుందో, ఏ వైపు తలనొప్పి వస్తుందో అతనికి తెలుసు. మోత అతనికి, చోటు కోటుకి.

"రెడీ... నవ్వండి."

ఆమె నవ్వు ఆగిపోయింది. భుజమ్మీది వేళ్ళని ఒక్కొక్కటే తడిమి చూసింది.

"ఫొటోగ్రాఫరు గారూ, ఈ చెయ్యి మా తమ్ముడు వెధవది, నా కళ్ళద్దాలు పట్టుకుని ఎక్కడో నిలబడి ఉంటారే, ఆయనండీ మా ఆయన."