వక్క లేని తాంబూలం

“తట్టలో వక్క ఏదమ్మా?” అంది పాపమ్మ, తమలపాకులను వేళ్ళతో అటూ ఇటూ జరిపి.

“లేదు పెద్దమ్మా,” అంది జయప్రియ. “ఈ ఇంట్లోకి వక్క రాదు.”

హాల్లో తళవాయిపురం నుంచి వచ్చినవాళ్ళు ముగ్గురు: తెల్లచొక్కా నలగకుండా కూర్చున్న రాజకుమార్, అతని తండ్రి కుమారసామి, కుమారసామికి అక్క పాపమ్మ. సంబంధం ఖాయం చేసుకుని తాంబూలం మార్చుకుందామనే బస్సెక్కి రాజపాళయం వచ్చారు. ఆ తాంబూలంలోనే వక్క లేకపోతే పాపమ్మకు ఒళ్ళు మండదా మరి.

“మా వంశంలో వక్క లేని తాంబూలం ఎవురూ తీసుకోలేదు. ఇష్టం లేకుంటే లేదని చెప్పండి. పిలిచి అవమానం చేసేదెందుకు?”

“అవమానం కాదు పెద్దమ్మా. మా నాయన వక్కా పొగాకూ దవడలో పెట్టుకునే పడుకుంటా ఉండినారు. అక్కడే క్యాన్సర్ వచ్చినాది. మధురైలో సగం దవడ తీసేసినారు. అయినా నిలవలేదు.”

చివరి రోజుల్లో ఆయన ముక్కులో గొట్టం పెట్టి గంజి పోసింది అమ్మ ధనమే. అప్పటికి జయప్రియ పళ్ళ డాక్టరు చదువులో ఉంది. ఈ ఇంట్లో ఆడది ఇంకోసారి మొగుడికి గొట్టంలో గంజి పొయ్యకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఈ సంబంధం కుదరాలని ఆమెకూ మనసులో బలంగా ఉంది. కాని వక్క నమిలే ఇల్లయితే, ఎంత మంచివాళ్ళయినా సరే, ఇక్కడితో తెగిపోవలసిందే. ధనం కూడా ఆ భారం కూతురి మీదే పెట్టింది. “నువ్వు సరి అంటేనే,” అనేసి వంటింట్లో దూరింది.

“కొన్ని అడగాల,” అంది జయప్రియ.

“అడగండి.” రాజకుమార్ ఉద్యోగం ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా నిటారుగా కూర్చున్నాడు.

“ఇంట్లో తాగుడు?”

“లేదు. పండగకు కూడా లేదు.”

“కామెర్ల ఊసి, అదే టీకా, వేసుకున్నారా? ఆ కిరుమి లివర్‌లో నిలిచిపోతే తర్వాత క్యాన్సర్‌దాకా పోవచ్చు.”

“నాయనా నేనూ ఇద్దరమూ వేసుకున్నాము.”

“కరువాడు?”

పాపమ్మ ఆగలేకపోయింది. “ఎండుచేప కూడా తినకూడదా? సముద్రాన్ని మూసేయమంటావా?”

“తినచ్చు పెద్దమ్మా. దినమూ ఉప్పుచేపే అయితే కడుపుకు మంచిది కాదు.”

కుమారసామి నవ్వాడు. “ఆదివారం ఒకపూటేనమ్మా. తక్కిన దినాలు కూరాకూ పప్పూ. తెల్లారితే తోట చుట్టూ నడక.”

“అమ్మ పోయినాక వంట నాయనదే,” అన్నాడు రాజకుమార్. “రసం చాలా బాగా చేస్తారు.”

“సరి. మరి వక్క?”

రాజకుమార్ తండ్రి వైపు చూశాడు. కుమారసామి దాచలేదు.

“వీడు ఎప్పుడూ ముట్టలేదు. నేను చిన్నప్పటినుంచీ నమిలినాను. పోయిన ఏడాది మానేసినాను.”

“ఏదీ, నోరు తెరవండి.”

పెళ్ళిచూపుల్లో పిల్లను పాడమనడం, నడవమనడం విన్నాం గాని, పెద్దమనిషిని పట్టుకుని నోరు తెరవమనడం ఎక్కడా వినలేదు. పాపమ్మ చటుక్కున లేచింది.

“లెయ్యిరా కుమారసామీ. ఇది పెళ్ళి మాట్లాడే ఇల్లా, ఆస్పత్రా?”

“ఉండక్కా. ఆ పిల్ల అడిగేదాంట్లో తప్పు లేదు.”

ఆయన కుర్చీని కిటికీ వెలుతురులోకి జరుపుకుని నోరు తెరిచాడు. జయప్రియ చేతులు కడుక్కుని వచ్చి, ఫోన్ లైటు వేసి రెండు చెంపల లోపలా, నాలుక కిందా నిదానంగా చూసింది.

“ఎడమ చెంపలో మచ్చ ఏదన్నా ఉండినాదా?”

“తెల్లమచ్చ. డాక్టరు ముక్క తీసి టెస్టుకు పంపినారు. క్యాన్సర్ కాదు, మానకుంటే అయ్యేదానికి దారి ఉండాదని చెప్పినారు. ఆ దినమే డబ్బీ పారేసినాను. వారమంతా పిచ్చిపట్టినట్టు తిరిగినాననుకో.”

“ఇప్పుడు మచ్చ లేదు. అయినా ఆరునెలలకొకసారి చూపించాల.”

“నువ్వే చూడమ్మా.”

జయప్రియ క్లినిక్‌లో తలుపు వేసినా నోరు తెరవడానికి సిగ్గుపడేవాళ్ళు రోజూ వస్తారు. ఈయన పరాయి ఇంట్లో, అక్క ముందూ కొడుకు ముందూ తెరిచాడు. రాజకుమార్ తండ్రిని చూస్తున్న చూపులో ఎంత గర్వముందో ఆమెకు కనిపించింది. అలాంటి గర్వం ఆమె దగ్గరా ఉంది.

“పెద్దమ్మా, నాయన పోయిన పదహారో దినం, కర్మ నాడు, చావిట్లో వక్కపళ్ళెం పెట్టినారు. వచ్చినవాళ్ళంతా దవడలో వేసుకుంటా నాయన కోసరం ఏడస్తా ఉన్నారు. మా అమ్మ లేచి ఆ పళ్ళేన్ని వీధిలో గుమ్మరించినాది. పిచ్చిదన్నారు. చుట్టాలు భోజనం చెయ్యకుండా పోయినారు. అయినా అమ్మ వెనక్కి తగ్గలేదు.”

“అంతమంది ముందరా?”

“అంతమంది ముందరే,” అంది జయప్రియ తలెత్తి.

పాపమ్మ మెల్లగా కూర్చుంది. తమ్ముడి నోట్లో ఆ తెల్లమచ్చ ఉన్నన్నాళ్ళూ ఆమెకూ కంటిమీద కునుకు లేదు. కాసేపు వక్కలేని తట్టను చూసి, చేతిసంచిలోంచి అరటాకు పొట్లం తీసి విప్పింది. మల్లెల వాసన హాలంతా నిండింది.

“వక్క లేకుంటే పోనీ. పెళ్ళికూతురికి పువ్వు పెట్టినామంటే కుదిరినట్టే. ఇంత గట్టి ఇల్లు మాకు ఇంకెక్కడ దొరుకుతాది?”

ధనం కాఫీ పళ్ళెం పట్టుకుని వంటింటి గడప దగ్గరికి వచ్చి ఆగింది. జయప్రియ నవ్వుతూ లేచి నిలబడింది. పాపమ్మ పూలు పట్టుకుని ముందుకు నడిచింది.

జయప్రియను దాటి వెళ్ళి, ధనం జడలో పెట్టి, “ఇట్లా రారా పెళ్ళికొడకా,” అని తమ్ముణ్ణి పిలిచింది.