తిండికి పెట్టిన దినం

చర్చి హాల్లో పొడుగాటి బల్ల నిండా తిండి. మధ్యలో నల్ల రిబ్బను కట్టిన ‘పీకన్ పై’ అనే గింజల మిఠాయి.

అమెరికాలో, ఆర్కన్సా కొండల్లోని ఆ ఊళ్ళో, ఒళ్ళు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకునేవాళ్ళ కోసం ముందుగా తిండికి దినం పెడతారు. ఇష్టమైనవన్నీ ఆఖరిసారి కడుపునిండా తినిపించి, నవ్వించి, ఏడిపించి మరీ పంపిస్తారు.

ఈసారి వంతు వెర్లీన్‌ది.

పెట్టింది ఆమె మొగుడు రాయ్స్. తెల్లారకముందే లేచి పంది పక్కటెముకలు పొగ మీద కాల్చాడు. క్యాట్‌ఫిష్ వేయించాడు. నాలుగు మాటలు మాట్లాడబోయి, అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాడు.

"పోయిరా తల్లీ, ఇక మా వదినకీ నీకూ రుణం తీరిపోయింది!" అని ఆ మిఠాయి పళ్ళెం ఎత్తి పట్టుకుని శోకాలు మొదలెట్టింది ఆడబిడ్డ జోలీన్. "అవునుగానీ వదినా, సన్నబడ్డాక మా అన్నయ్య మొహం చూస్తావా అసలు?"

అందరూ ఘొల్లుమన్నారు. రాయ్స్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

వెర్లీన్ రెండు ముక్కలు తిని పళ్ళెం పక్కన పెట్టేసింది. కోటు జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి, చూయింగ్ గమ్ నోట్లో వేసుకుంది.

ఆ గమ్ కూడా రాయ్స్ చలవే.

సిగరెట్ మానితేనే ఆపరేషన్‌కి డబ్బు కడతానంది బీమా కంపెనీ. రక్తంలో నికోటిన్ జాడ కనబడితే అంతే సంగతులు. పదహారో ఏట మొదలెట్టిన సిగరెట్, మానడమంటే మాటలా? చేతులు వణికేవి. ఊరికే చిరాకుపడేది. అప్పుడు తెచ్చిపెట్టాడు, సిగరెట్ మానేవాళ్ళు నమిలే ఈ గమ్.

"ఇది నమలొచ్చా? పరీక్షలో ఏమీ రాదు కదా?" అని అప్పుడే అడిగింది.

"క్లాసులో నేనే అడిగానే. ఏం ఫరవాలేదన్నారు," అన్నాడు.

ఆస్పత్రివాళ్ళు పేషెంటుకి తోడుండే మనిషికి విడిగా ఓ క్లాసు పెడతారు. పని మానుకుని ఆ క్లాసుకి వెళ్ళొచ్చిన మొగుడు చెప్తే, ఇంకెవర్ని అడుగుతుంది? రోజూ పొద్దున్నే డబ్బా నింపి తనే ఆమె జేబులో పెట్టేవాడు. ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడని మురిసిపోయింది, పిచ్చిది.

వెర్లీన్ స్కూలు బస్సు నడుపుతుంది. ఎవర్నీ వదిలేసి వెళ్ళే రకం కాదు. పక్క అద్దంలో ఎవరైనా పరుగెత్తుకొస్తూ కనబడితే చాలు, కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది.

ఆ బస్సు మెట్లెక్కడమే ఇప్పుడు గగనమైపోయింది. ఒళ్ళు తగ్గకపోతే వేసవిలో జరిగే ఆరోగ్య పరీక్షలో లైసెన్సు పోతుందని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

పైగా జనవరి నుంచి స్కూలువాళ్ళు బీమా మారుస్తున్నారు. కొత్తదాంట్లో ఈ ఆపరేషన్ లేదు. క్రిస్మస్‌లోపు అయితే అయినట్టు, లేకపోతే ఇక లేనట్టే.

ఆ వారంలోనే రక్తపరీక్ష చేశారు. ఫలితం వచ్చిన రోజు నర్సు డినీస్ ఆమెని లోపలికి పిలిచి తలుపు వేసింది.

"మళ్ళీ సిగరెట్ తాగుతున్నావా అమ్మా?"

"ఒట్టు, ముట్టుకోలేదు. గమ్ ఒక్కటే."

డినీస్ తల పట్టుకుంది. "అందులో ఉండేదీ నికోటినే కదమ్మా! గమ్ వద్దని క్లాసులో అంత గట్టిగా చెప్పానే. మీ ఆయనే కదూ, ముందు వరసలో కూర్చున్నాయన? గమ్ నమిలినా దొరికిపోతారా అని రెండుసార్లు అడిగాడు. దొరుకుతారు, బీమా పోతుంది అని రెండుసార్లూ చెప్పాను."

వెర్లీన్ జేబులోని రేకు డబ్బాని పిడికిట్లో బిగించింది.

"ఇంకోసారి పరీక్ష చేయరా?"

"ఆరు వారాలు మానాకే చేయాలని వాళ్ళ రూలు. అంటే జనవరి."

జనవరి.

రాయ్స్ బయట ట్రక్కు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమెని చూడగానే ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమన్నారు బంగారం?"

"పోయింది."

"అయ్యయ్యో," అన్నాడు. ఏం పోయిందని అడగలేదు.

వెర్లీన్ చెయ్యి విడిపించుకుంది. "రెండుసార్లు అడిగావటగా."

రాయ్స్ తల దించుకున్నాడు. బూటుతో నేల మీద రాయి ఒకటి అటూ ఇటూ దొర్లించాడు.

"నాకు నువ్విలాగే బావున్నావే, వెర్లీన్."

"మరి నా మాటేమిటి?" అంది వెర్లీన్. "నీ చేతుల్తో నువ్వే నింపి పెట్టావు కదరా, రోజూ! మళ్ళీ దినం కూడా పెట్టావు. కళ్ళు తుడుచుకున్నావు. అది చూసి నేనూ ఏడ్చాను."

"అందరూ చూస్తున్నారు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం, ఎక్కు."

"తాళాలివ్వు. నేను నడుపుతాను."

ఇచ్చాడు.

ఆమె జేబులోంచి రేకు డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. కడ్డీ పట్టుకుని, ఆయాసపడుతూ పైకెక్కి, తలుపు వేసుకుంది. అతను అటువైపు ఎక్కడానికి బండి వెనకనుంచి తిరిగి వస్తున్నాడు.

బండి కదిలింది.

పక్క అద్దంలో రాయ్స్ పరుగెత్తుకొస్తూ కనబడ్డాడు.

వెర్లీన్ కాలు బ్రేకు మీదికి పోలేదు.