గట్టు కింద ఖాళీ

పండూ,

"పూర్వం అందరూ కూర్చునేగా వండేది, నాకెందుకు కుదరదూ?" అని నువ్వు పంతంగా గీసిన వంటిల్లు ఇవాళ బిగించారు. తలుపుల్లేని చెక్క అరలు, కూర్చుంటే చేతికందే పొయ్యి గట్టు.

వడ్రంగి గట్టు కింద చెయ్యి ఆడించి గునిశాడు. "ఇంత కిందికైతే మీ నడుం పట్టేస్తుందమ్మా. ఈ ఖాళీలో సొరుగులు పెట్టి, గట్టు పైకి లేపుతా."

"అంగుళం లేపినా మొత్తం ఊడబీకిస్తా. అది మా అమ్మాయి చక్రాల కుర్చీ పట్టే చోటు."

"పాప పోయి నెలైందిగా అమ్మా..."

"అయితే? కుర్చీ ఉందిగా!"

అతను వెళ్లాక నీ కుర్చీని గట్టు కిందికి తోశాను. సరిగ్గా పట్టింది. అందులో కూర్చుని నేనే వండాను. నీ పళ్లెం పక్కనే ఈ కార్డు పెడుతున్నాను.

కడుపునిండా తిను, తల్లీ.